గుడాల పొట్లంలో నా డైరీ

మా అమ్మ ఎయిర్‌పోర్టు క్యాటరింగ్‌లో ఉందని కాలేజీలో అందరికీ చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. శంషాబాద్‌లో మా సందు చివరి వైన్స్ పక్కన ఆమె బండి మీద గుడాలు అమ్మేది. బొబ్బర్లు ఉడకబెట్టి, పచ్చిమిరపకాయలతో తాలింపు పెట్టి, పైన ఉల్లిగడ్డ ముక్కలు చల్లేది. ఆ బండి మీదుగా విమానాలు దిగేవి. రెండూ కలిపి నేను క్యాటరింగ్ చేశాను.

మనుషుల ముందు నాకు నాలుగు మాటలు పెగలవు. ఆ నాలుగూ డైరీలో నలభై అయ్యేవి. చదివిన నవలల పుణ్యమా అని ప్రతి పేజీలో ఏదో ఒక వెన్నెల ఉండేది, అందులో ఏడుస్తూ ఒక చందమామ ఉండేది.

తెలంగాణ ఉద్యమానికి ముందు ఆ వైన్స్‌కి పొడవాటి కౌంటర్ ఉండేది. జనం దాని మీద మోచేతులు ఆనించి లోకమంతా మాట్లాడుకునేవారు. నడిపే సేటు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, తూలుతున్నవాడిని కూడా 'అండీ' అనేవాడు. మందు అక్కడ, గుడాలు అమ్మ దగ్గర. పాత పేపర్లతో చుట్టిన పొట్లంలో గుడాలు తిన్నాక ఆ కాగితం చదవడం అక్కడి అలవాటు. రోజూ వచ్చే ఒక ఆటో అన్న దాన్ని మోకాలి మీద సాపు చేసి పెద్దగా చదివేవాడు. అమ్మకు చదువు రాదు, అందుకని చెవులు రిక్కించి వినేది.

"పెండ్లి పందిట్ల నుంచి పిల్ల ఉరికిందట అక్కా. ఇగ చిరిగిపోయింది."

"మిగతా సగం ఎవడు తిన్నడో!" అనేది అమ్మ. ఇంటికొచ్చి నన్ను అడిగేది, ఆ పిల్ల ఏమైందని. నేను ఒక ముగింపు కల్పించి, పేపర్లో చదివినట్టు చెప్పేదాన్ని. నమ్మిందనుకుని మురిసిపోయేదాన్ని.

తర్వాత బంద్‌లు మొదలయ్యాయి. ఒక బంద్ రోజు రాళ్లు తగిలి వైన్స్ బోర్డు పగిలింది. ఆ రాళ్లు వేసినవాళ్లలో కౌంటర్ మీద మోచేతులు ఆనించినవాళ్లే సగం మంది అని అమ్మ అనుమానం. మర్నాడు సేటు మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అమ్మాయిగారి చేతిరాత బాగుంటుందటండీ. షట్టర్ మీద 'జై తెలంగాణ' అని రాసిపెడతారా అండీ?"

"నీకు గావాల్నా సేటూ, తెలంగాణ?" అంది అమ్మ.

"షట్టర్‌కి కావాలండీ."

తెల్లవారుజామున మొహానికి చున్నీ చుట్టుకుని వెళ్లి, గొంతుక్కూర్చుని షట్టర్ కింది సగంలో ఎర్ర రంగుతో రాశాను. చివరి 'ణ'కి జిలేబీలా తోక తిప్పాను. నన్నెవరూ చూడలేదు. డైరీలో మాత్రం ఆ సాహసానికి మూడు పేజీలు పట్టాయి.

బంద్‌ల మీద బంద్‌లొచ్చి వైన్స్ చాలా రోజులు మూతబడింది. గుడాలు మేమే తిన్నాం. మళ్లీ తెరిచినప్పుడు కౌంటర్ లేదు. నేల నుంచి పైదాకా ఇనుప జాలీ, అందులో ఒక చెయ్యి పట్టేంత రంధ్రం. ఎప్పుడు దించాల్సి వస్తుందోనని సేటు షట్టర్ సగమే ఎత్తేవాడు. మోచేతులకు చోటు పోవడంతో జనమంతా అమ్మ బండి చుట్టూ చేరారు. గుడాలు చాలలేదు, పొట్లాలకు కాగితమూ చాలలేదు. చిత్తు కాగితాల కొట్టు ఇంకా తెరవలేదు.

ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి అటక మీద నేను డైరీ రాసుకున్న నోటుబుక్కులు మూడు లేవు. అమ్మ దృష్టిలో నిండిపోయిన నోటుబుక్కు అంటే పరీక్ష అయిపోయిన నోటుబుక్కు. వాటిలో ఒకదాంట్లో ఇలా రాసి ఉంది: 'మా అమ్మ తాగుబోతులకు శనగలు అమ్ముతుంది. ఇది తెలిస్తే నా ప్రాణం పోతుంది. ఆమె నా కాలేజీ దరిదాపులకు రాకూడదు.'

పరుగెత్తాను. బండి దగ్గరికి వెళ్లి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. రోజూ వెనక సందులోంచే తిరిగేదాన్ని.

"చందమామ ఏడ్చిందట రా," ఒకతను పొట్లం చదువుతున్నాడు. "ఏమైందో పాపం."

"బంద్ గదరా, దానికి గూడ మందు దొరకలే," అన్నాడు పక్కనున్నతను.

నేను వంగి కింద పడ్డ కాగితాలు ఏరడం మొదలుపెట్టాను. "జర ఆగు బిడ్డా, తిననియ్యి," అని ఒకాయన పొట్లం వెనక్కి లాక్కున్నాడు. అమ్మ నన్ను చూసి, "ఏందే, నువ్వొచ్చినవ్?" అంది. మొహం వెలిగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆటో అన్న తన కాగితం సాపు చేసుకుని చదివాడు. శనగలు, ప్రాణం, దరిదాపులు, అన్నీ. చదివి ఆగాడు. కాగితం మీద 'ప్రాణం'లోని 'ణ'ని చూశాడు, సగం దిగి ఉన్న షట్టర్‌ని చూశాడు.

"గీ తోక గాడ గూడ ఉన్నదే!"

అందరూ షట్టర్ వైపు చూశారు. జాలీ రంధ్రంలోంచి సేటు సంతోషంగా, "అమ్మాయిగారి రాతేనండీ!" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు.

అమ్మ ఆ కాగితం తీసుకుని మడిచి నడుములో దోపుకుంది. "ఉల్లిగడ్డ ఎయ్యాల్నా తమ్మీ?" అని తర్వాతి మనిషిని అడిగింది.

ఇంటికొచ్చాక కాగితం నా ముందు పెట్టింది. "మిగతా సగం చదువు."

"అది దొరకలేదమ్మా."

"రాసింది నువ్వే గద. ఎరుకుంటది గద."

"కానీ ఆమె కష్టం చూస్తే నాకు గర్వంగా..." అని మొదలుపెట్టాను.

"గది ఇప్పుడు కలుపుతున్నవ్. పెండ్లిపిల్లను మళ్ల పందిట్లకు తెచ్చినట్టు."

అంటే ఇన్నేళ్లుగా ఆమెకు తెలుసు.

ఇక కలపలేకపోయాను. ఒకరోజు నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని అమ్మ బస్టాపుకు వచ్చింది. ఆమెవరని స్నేహితురాలు అడిగితే, పక్కింటామె అన్నాను. మిగతా సగంలో ఉన్నది అదే. తల దించుకుని చెప్పాను.



"గా రోజు నాకు ఇనబడ్డది," అంది అమ్మ. లేచి బొబ్బర్లు నానబెట్టడానికి గిన్నె తీసింది. "ఇగో, ఇవి శనిగలు గాదు, బొబ్బర్లు. రోజు తింటవు, గది గూడ ఎరుకలేదా?"

క్లాసులో నిజం చెప్పడానికి నాకు ఇంకో ఆరు నెలలు పట్టింది. అంత వీరనారిని. కానీ మర్నాడు సాయంత్రం మిగిలిన డైరీలు పట్టుకుని బండి వెనక కూర్చున్నాను. వెన్నెల పేజీలు ఒక్కొక్కటే చింపి పొట్లాలు చుడుతున్నాను. ఆటో అన్న ఒకటి తిని, సాపు చేసి, రెండు లైన్లు చదివి మొహం చిట్లించాడు.

"అక్కా, గీ చందమామది నాకొద్దు. నిన్నటి అసుంటిది ఉంటే ఇయ్యి."

"గసుంటిది ఒక్కటే రాసిందన్నా," అంది అమ్మ, గుడాలు కలుపుతూ. "మిగతవన్ని పొట్లాలకే."