మటన్ ముట్టని డేగపిల్ల

కరోనా తగ్గిన మరుసటేడు వేసవి. కొల్లాపూర్ పశువుల దవాఖానలో డాక్టర్‌గా కొత్తగా చేరాను. మా దగ్గరికి వచ్చేవన్నీ బర్రెలు, గొర్లు. ఆ పొద్దున మామిడితోట కౌలుకు చేసే ఖాసింబీ మాత్రం తువ్వాలలో చుట్టిన పక్షిని పట్టుకొచ్చింది.

"డేగపిల్ల, డాక్టరమ్మా. జామచెట్టు మీద కప్పిన వలల చిక్కింది. రెండు దినాల సంది మటన్ ముక్కలు పెడ్తున్న, ముట్టుతలేదు. కోళ్లనెత్తుకపొయ్యేదానికి సేవలేందని మా ఆయన కొట్లాడుతుండు. జర బతికించుండ్రి."

రెక్క కింద వలదారం కోసుకుపోయి గాయమైంది. ఎముక విరగలేదు. కానీ కీల్, అంటే రొమ్ము మధ్య ఎముక, కండ కరిగిపోయి కత్తి అంచులా చేతికి తగిలింది. గాయం కన్నా ముందు ఆకలే దాన్ని చంపేటట్టుంది.

ప్లూమేజ్ చూశాను. ఒంటిమీది ఈకల రంగు, తీరును మేం అట్లా అంటాం. గోధుమరంగు ఒళ్లంతా తెల్లచుక్కలు, తోకకు అడ్డచారలు. డేగ అనుకోవడంలో తప్పులేదు. ముక్కు మాత్రం కొక్కెంలా వంగిలేదు. కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి.

"ఇది డేగ గాదు ఖాసింబీ, ఆడకోయిల."

"కోయిల నల్లగుంటది గద?"

"నల్లగుండేది మగది. పిల్ల గూడ గాదిది. పిల్లయితే కళ్లు ఇంత ఎర్రగుండవు."

"హాయ్ అల్లా! పండ్లు తినేదానికి మాంసం పెట్టిన్నా!"

అటవీశాఖ వాళ్లకు ఫోన్‌లో చెప్పి, గాయం కడిగి కట్టు కట్టాను. ఖాసింబీ బొప్పాయి మెదిపి ముక్కు దగ్గర పెట్టింది. కోయిల తల తిప్పుకుంది. ఆమె మళ్లీ పెట్టింది, అది విదిలించింది.

"ఇది తినందే ఈడికెల్లి కదల" అని నేలమీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బర్రెలవాళ్లు వస్తున్నారు, పోతున్నారు. ఆమె లేవలేదు. ఎండ ముదిరాక, ముక్కు అంచున పెట్టిన ముక్కను కోయిల గుటుక్కున మింగింది. ఖాసింబీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గాయం మానాక తోటలో వదిలాం. మామిడికొమ్మల్లోకి దూరింది. ఆ చుక్కలు ఆకుల నీడలో కలిసిపోయి, ఎంత వెతికినా కనిపించలేదు.

"కనిపిస్తలేదంటే ఇగ దానికేం భయం లేదు" అంది ఖాసింబీ.

అప్పటినుంచి ఏ పక్షిని తెచ్చినా, ఏమైందని అడిగేముందు అది ఏదో, ఆడదో మగదో, పిల్లో పెద్దదో తేల్చుకుంటాను. ఎవరికి చేస్తున్నామో తెలియకుండా చేసే సేవ కూడా ప్రాణం తీయగలదు.