ఎర్రయ్య మావా, మమ్మల్ని మీట్‌కి పంపకపోవడం రైటా, తప్పా?

నిన్న పొద్దున్న మా అమ్మ చేపల గంప దించి వాకిట్లోనే కూలబడిపోయింది. "ఎర్రయ్య పోనాడే" అంది.

ఏ ఎర్రయ్య అని అడిగాను. మా ఊళ్లో ఎర్రయ్యలు చాలామందే ఉన్నారు. ఇంకెవరో అయితే బాగుండునని అడిగాను.

కాదు. మా మావే. భావనపాడు ఆడపిల్లలకి ఇసుకలో కబడ్డీ నేర్పిన ఎర్రయ్య మావ.

కరోనా.

ఏం రాయాలో తెలియట్లేదు, సారీ. ఏడుపొస్తోంది. కోపం కూడా వస్తోంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. జూనియర్స్‌లో ఆడడానికి నాకిదే లాస్ట్ ఇయర్. స్టేట్ మీట్ ఆడితే ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు అడగొచ్చు. కేసులు పెరుగుతున్నా మీట్ పెట్టి తీరతామన్నారు అసోసియేషన్ వాళ్లు. అన్ని టీములూ బ్యాగులు సర్దుకున్నాయి. మావ మాత్రం మా టీమ్ పేరు వెనక్కి తీసేసుకున్నాడు.

వాళ్లింటి ముందుకెళ్లి గొంతు చించుకున్నాను. టీవీలో పెద్ద పెద్దోళ్లంతా ఆడుతున్నారు కదా, మాకే ఎందుకు అడ్డం అని.

ఆయన వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"ఒసే లచ్చిమీ, ఆల ఎనకాల డాక్టర్లుంటారు. మనకి అంబులెన్సంటే టెక్కలి నుంచి రావాల. మూతికి గుడ్డ కట్టుకుని కూత పెడతావేటే? రెఫరీకి ఏటి ఇనపడతాది? గుడ్డ తీసేసి ఆల మొకాల మీద ఊపిరొదుల్తావు, ఆలందరూ వొచ్చి నీ మీద పడతారు. ఆ ఊపిరి అట్టుకొచ్చి మీ అమ్మకిస్తావేటి?"

"మరి నా సీటో?" అన్నాను.

ఆయన వలకి ఇంకో ముడి వేశాడు.

మీట్ మానిపించాడని ప్రాక్టీస్ కూడా మానిపించే రకమా! రోజూ సాయంత్రం అందరం కాన్ఫరెన్స్ కాల్‌లోకి రావాల్సిందే. ఎవరి పెరట్లో వాళ్లు నిలబడి, ఒక్క ఊపిరిలో "కబడ్డీ కబడ్డీ" అని కూత పెట్టాలి. మావ ఫోన్ చెవికి ఆనించుకుని వినేవాడు. మధ్యలో దొంగతనంగా గాలి పీల్చామా, అయిపోయామే. "ఒసే, తెగింది! అవుటు! మల్లీ అను!"

మా నాన్నమ్మ అయితే నాకు గాలి సోకిందనే అనుకుంది.

మీట్ జరిగింది. వెళ్లిన పిల్లలంతా మెడల్స్ వేసుకుని సెల్ఫీలు పెట్టారు. ఒక్కరికీ దగ్గు కూడా రాలేదట.

ఎక్కడికీ వెళ్లని మావకి చేపల వేలం దగ్గర అంటుకుంది.

ఇదెక్కడి న్యాయం? మేం వెళ్లినా అలాగే నవ్వుకుంటూ తిరిగొచ్చేవాళ్లమా? లేకపోతే మా అమ్మ ఈపాటికి...

ఏమో. ఎటు ఆలోచించినా సగంలో ఆగిపోతున్నాను.

మొన్న హాస్పిటల్ నుంచి కూడా కాల్‌లోకి వచ్చాడు. వద్దు మావా అంటున్నా వినలేదు. "ఇయ్యాల నా వొంతు" అని కూత మొదలెట్టాడు.

రెండు కబడ్డీలకే ఆగిపోయింది.

ఆయనే నవ్వి, "అవుటైపోనానే" అన్నాడు.

నిన్న సాయంత్రం ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. టైముకి అందరం కాల్‌లోకి వచ్చేశాం. నేను కూత పెట్టాను. ఏడుపుకి మధ్యలోనే తెగిపోయింది. గాలి పీల్చుకుని మళ్లీ అన్నాను. అది కూడా తెగింది.

ఎవరూ అవుట్ అనలేదు.

నా కోపం ఇంకా ఉంది మావా.

మా అమ్మ కూడా ఇంకా ఉంది.

వెళ్లిరా. అక్కడైనా గుండె నిండా ఊపిరి తీసుకుని హాయిగా ఉండు.