తడి గోనెల నీడ

శౌరమ్మ కత్తెర పట్టిందంటే వరి మొక్కకు మూడినట్టే. ఉయ్యూరు పక్కన ఒక విత్తనాల కంపెనీ వాళ్ల పరిశోధన పొలంలో పంతొమ్మిదేళ్లుగా ఆవిడ పని అదే. ఎండాకు తెగులు క్రిములు కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకుల కొసలు కత్తిరించాలి. పదిహేనో రోజున కొస నుంచి ఎండు ఎంత కిందికి దిగిందో స్కేలు పెట్టి కొలవాలి. తక్కువ దిగితే, ఆ రకానికి తెగులును తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉన్నట్టు.

మూడేళ్లుగా అలా తట్టుకుంటూ వచ్చిన రకం ఒకటుంది. ఈ మధ్యాహ్నం దాని రిపోర్టు పటమటలోని కంపెనీ ఆఫీసుకు వెళ్తే, వచ్చే సార్వా పంటకు రైతులకు విత్తనం అమ్మేస్తారు.

సరిగ్గా ఇవాళే కొలత అడ్డం తిరిగింది. కొసలు కత్తిరించిన సాయంత్రమే కూతురు స్టెల్లా పురుడని మంగళగిరి వెళ్లిన శౌరమ్మ, పదిహేనో రోజైన ఈ పొద్దున తిరిగొచ్చి మొక్కల ట్రేల ముందు కూర్చుంది. ఎప్పుడూ రెండు సెంటీమీటర్లు దాటని ఎండు ఆకు మొదలుదాకా పాకింది.

"చీటీలు తారుమారైనట్టున్నాయి శౌరమ్మా. ఆ ట్రేలు పారబోయించు. పాత కొలతలే పంపించేస్తా," అన్నాడు సైంటిస్టు జ్ఞానేశ్వర్, ఆవిడ కొలతలు చెబితే కంప్యూటర్ మీంచి తలెత్తకుండా.

చీటీలు తారుమారు కాలేదు. అవి కట్టింది శౌరమ్మే. తారుమారైందేమిటో కూడా ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఎండ మండే మధ్యాహ్నాల్లో మొక్కలు సొమ్మసిల్లుతుంటే చూడలేక, మూడేళ్లూ ట్రేల మీద తడి గోనెలు పందిరిలా కప్పింది. స్టోరు గుమస్తా చూస్తే గోనెలు పాడుచేశావని యాగీ చేస్తాడని నాలుగింటికల్లా తీసి దాచేసింది. తన చేతులతోనే తెగులు అంటించి, ఆ చేతులతోనే నీడ పట్టడం ఆవిడకే చెల్లింది. ఈసారి ఆవిడ ఊళ్లో లేదు, గోనెలు కప్పినవాళ్లూ లేరు. ఆ ఎండకు మొక్కకు తెగులును తట్టుకునే బలం కాస్తా కరిగిపోయింది.

చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే, ఎండ ముదిరిన ఏడాది ఏ రైతు తన పొలమంతా గోనెలు కప్పుకోగలడు?

"ఇంకో పావుగంటలో పంపేస్తున్నా," అన్నాడు జ్ఞానేశ్వర్.

"పంపకండి సార్! తప్పు నాదండీ," అంటూ శౌరమ్మ గోనెల సంగతంతా ఏడుస్తూ చెప్పేసింది.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మూడేళ్లమ్మా! మూడేళ్లు!" అని బల్ల గుద్దాడు. "చల్లగా ఉంటేనే తట్టుకునే రకాన్ని రైతుల నెత్తిన రుద్దబోయాం!"

పటమట ఆఫీసుకు ఫోన్ కలిపాడు. తనను తీసేయమని చెప్పడానికేనని శౌరమ్మ అనుకుంది. తలుపు పట్టుకుని నిలబడింది.

"రిపోర్టు పంపడం లేదండీ... కాదండీ, పనివాళ్ల తప్పు కాదు. మూడేళ్లలో ఒక్క మధ్యాహ్నం కూడా నేను ట్రేల దగ్గరికి వెళ్లి చూడలేదు."

ఫోన్ పెట్టేసి ఆవిడ వైపు తిరిగాడు. "రేపు మళ్లీ కత్తిరించు. ఒక వరస నీడలో, ఒక వరస ఎండలో. ఎండలోవి మాడిపోతున్నా సరే, ముట్టుకోవద్దు."

"అలాగేనండీ," అంది శౌరమ్మ. పదిహేను రోజులు, కళ్ల ముందే మాడుతుంటే చేతులు కట్టుకుని చూడాలి. పంతొమ్మిదేళ్లలో ఆవిడకు ఇంత కష్టమైన పని ఎవరూ చెప్పలేదు.