తోక కనబడిన బొబ్బర్లు

ఆ చలికాలం మా వదిన కడుపుతో ఉంది. ఆస్పత్రిలో నర్సు ఆమె వేలి చివర గుచ్చి చూసి, రక్తం బాగా తక్కువగా ఉందని చెప్పింది. మాత్రలిచ్చి, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదని, అది మానెయ్యమంది. ఇలాగే ఉంటే కాన్పు ఇక్కడ చేయలేమనీ, కొండ దిగి పెద్దాసుపత్రికి పోవాల్సిందేననీ అంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో నొప్పులు మొదలైతే ఏమిటన్నదే ఇంట్లో అందరి భయం.

నేను కాలేజీ సెలవులకు ఇంటికొచ్చాను. గింజల్లో ఉండే ఫైటిక్ ఆమ్లం గురించి మా పాఠంలో ఉంది. అది ఇనుమును గట్టిగా పట్టుకుని, మనం తిన్నా ఒంటికి అందనివ్వదట. గింజ మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే ఎంజైము చురుకై ఆ ఆమ్లాన్ని విడగొడుతుందట. మొక్క తన ఆకలి కోసం చేసుకునే పని అది. పరీక్షకని బట్టీపట్టిన ఆ పేజీని, వదిన కంటి రెప్ప కింద తెల్లగా పాలిపోయిన చోటు చూశాక మళ్లీ తీసి చదివాను.

బొబ్బర్లు నానబెట్టి గుడ్డలో మూటగట్టాను. మా దగ్గర మంచుకు ఏదీ తొందరగా మొలకెత్తదు. అందుకని మూటను పొయ్యి పక్క గోడకు వేలాడదీశాను. గింజల నుంచి తెల్లటి తోకలు బయటికొచ్చాయి. తీరా వండుదామని పొద్దున్నే వెళితే గుడ్డ ఖాళీగా, ఉతికి ఆరేసి ఉంది.

"అమ్మా, మూటలో బొబ్బర్లేవి?"

"పెరట్లో పెట్టీసినాను. నానబెట్టి మర్సిపోనావేటే?"

"ఈ చలిలో బతుకుతాయా?"

"బతకవు. అయినా మొలకొచ్చినాక నేల్లో పెట్టాలి గదా."

"వదిన తింటుందని మొలకెత్తించానమ్మా."

అమ్మ పొయ్యిలో కర్ర తోయడం ఆపింది. "మొలకొచ్చింది తింతారేటే? నేల నోట్లోది లాక్కున్నట్టు."

వదిన గుమ్మం దగ్గర కూర్చుని నవ్వింది. "ఓలమ్మో, మీ కూతురు నన్ను కోడిపెట్టని సేత్తన్నాదత్తా. రేపు గంప కింద పెట్టి మూసేత్తాది."

చివరికి అమ్మ ఒక మాట చెప్పింది. ఉబ్బినప్పుడే తీసి వండుకోవచ్చు. తోక కనబడనంత వరకు అది గింజ, కనబడితే మొక్క.

అక్కడే నాకు అంతా చిక్కుపడింది. పుస్తకం ప్రకారం నీళ్లు తాగిన గింజలో అప్పుడే ప్రాణం కదులుతుంది. అంటే ఉబ్బిందీ మొక్కే. ఆ మాట అమ్మకు చెబితే నానబెట్టినవి కూడా వండనివ్వదేమో. చెప్పకుండా ఉబ్బినవే వండితే ఎంజైము ఇంకా పుంజుకోకముందే పొయ్యి మీద పెట్టినట్టు. పైగా వేడికి ఎంజైము పాడైపోతుందని ఇంకో పేజీలో ఉంది. అలాగైతే మొలకలు వండటం దండగా? పచ్చివి పెడితే వదిన కడుపు తట్టుకుంటుందా? ఒకసారి విడిపోయింది వండినంత మాత్రాన మళ్లీ కలవదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఎంత విడిపోయిందో ఎలా తెలుస్తుంది? అమ్మ వద్దన్నా ఇంకో మూట కట్టి, వచ్చిన మొలకను చీల్చి చూశాను, కొరికి చూశాను. పచ్చి వాసన తప్ప ఏమీ లేదు. డైరీలో ప్రశ్నలే రాసుకున్నాను.

నేను ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. ఒక సాయంత్రం మాత్రం పొయ్యి దగ్గర అమ్మను అడిగాను.

"కంది కొత్త పండగ చేసేదాకా మనం కొత్త కందులు ముట్టం. ముందు దేవతకి పెడితే ఆ తర్వాత తినొచ్చు. మొలకలు కూడా ముందు నేలకి పెట్టి తింటే?"

"అదీ ఇదీ ఒకటేనేటే?"

"నాకూ తెలీదమ్మా."

అమ్మ వదిన వైపు చూసింది. వదిన నీళ్ల బిందె మోసుకొచ్చి, ఆయాసంతో గోడకు ఆనుకుని ఉంది. అమ్మ లేచి మళ్లీ మొలకెత్తిన మూటలోంచి ఒక గుప్పెడు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. మట్టి తవ్వి కప్పెట్టి, ఏదో గొణిగి వచ్చింది.

"మిగతాయి ఒండు. బేగి ఒండు, నా మనసు మారిపోద్ది."

ఆ తర్వాత ప్రతి మూటకీ నేల వాటా ముందు వెళ్లేది. వదిన సణుగుతూనే తినేది. మళ్లీ ఆస్పత్రికి వెళ్లినప్పుడు నర్సు రక్తం పెరిగిందంది. ఇలాగే ఉంటే కిందికి పోనక్కర్లేదంది. మాత్రలు వేసుకుంటున్నావా, అన్నం తిన్న వెంటనే టీ మానేశావా అని అడిగింది. రెండింటికీ వదిన తలూపింది.

తిరిగొచ్చే దారిలో వదిన నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మరి ఆ తోకల బొబ్బర్లు మానీమంతావేటి? మాత్రలే పని సేసినాయేమో."

కాదని అనలేను. అవునని కూడా అనలేను. మాత్రలా, టీ మానడమా, ఎంజైమా, అమ్మ గుప్పెడా? దేన్ని తీసేస్తే ఏమవుతుందో చూడటానికి మా ఇంట్లో ఉన్నది ఒక్క వదినే.

"తెలీదు వదినా. కాన్పయ్యేదాకా ఏదీ మానకు."

"తెలీనిదానివి అంత గట్టిగా సెప్తన్నావేటే, గుంటా!"

ఆమె సంచీ నేను అందుకున్నాను. ఎత్తు వచ్చిన చోట వదిన ఆగుతుందేమోనని నేను ఆగాను. ఆమె ఆగకుండా నడిచింది.