నాకు దక్కిన సగం జడ

మా చిన్నప్పుడు... పొద్దున్నే షాదీపూర్‌లో మా ఇంటి మెట్ల మీద అమ్మ కూర్చునేది. కింది మెట్టు మీద చెల్లి బుజ్జి. పక్కన నేను నిలబడి, రెండు అరచేతులతో అమ్మ మోచెయ్యి ఎత్తి పట్టుకునేదాన్ని. అలా పట్టుకుంటే గానీ అమ్మ చెయ్యి బుజ్జి తలదాకా లేచేది కాదు.

అమ్మకి జబ్బు ముదిరిపోయింది. మెయిన్‌లాండ్ ఆసుపత్రిలో ఇక లాభం లేదన్నాక నాన్న షిప్పులో వెనక్కి మా దీవికి తీసుకొచ్చేశాడు. నాకు పదేళ్ళు, బుజ్జికి ఇంకా నాలుగు నిండలేదు. అది తనని మర్చిపోతుందన్నదే అమ్మ బెంగ. అందుకే రోజూ తన చేత్తోనే దానికి జడ వెయ్యాలని పట్టుబట్టింది. మొహం మర్చిపోయినా తల మీద తిరిగిన చెయ్యిని పిల్ల మర్చిపోదని అమ్మ నమ్మకం.

ఇంటిల్లిపాదీ అందుకు సాయం... నాన్న చేపల వేట నుంచి త్వరగా వస్తే, చేతులకి నీచు వాసన పోయేదాకా రుద్ది కడుక్కుని కొబ్బరినూనె వెచ్చబెట్టేవాడు. నేను మోచెయ్యి. బుజ్జి మాత్రం మహారాణిలా కాళ్ళు చాపుకుని బిస్కెట్టు తినేది.

మరి నా జడ? పక్కింటి దీదీ వేసేది. వాళ్ళది రాంచీ వైపు. ఆవనూనె దట్టంగా పట్టించి, "హిలో మత్, సీదీ బైఠో" అంటూ, కదలకుండా తిన్నగా కూర్చోమని నెత్తిన దువ్వెనతో ఒకటిచ్చి, కనుబొమలు పైకి లాక్కుపోయేలా బిగించి రిబ్బన్లు కట్టేది. మంచి మనిషే. కానీ ఆ వాసనకి క్లాసులో నా పక్క పిల్ల ముక్కు మూసుకునేది. ఇంటికొస్తే బుజ్జి తల నిండా కమ్మటి కొబ్బరినూనె... నాకు కడుపు మండిపోయేది.

ఒకరోజు అడిగేశాను. "నాకెప్పుడేస్తావమ్మా?"

"నీకు నాను గుర్తుంటానే. దానికేటుంటాది, సెప్పు?"

గుర్తుపెట్టుకునే వయసు రావడం నా ఖర్మ అనిపించింది.

మర్నాడు నాన్న ఇంకా ఒడ్డుకి రాలేదు. దీదీ వేసిన జడలు విప్పేసుకుని, బుజ్జి కంటే ముందే వెళ్ళి ఆ మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ నా జుట్టు మూడు పాయలు తీసింది. కొంచెం అల్లిందో లేదో, చెయ్యి జారి నా భుజం మీద పడింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ పడింది. అప్పుడు తెలిసింది నాకు... మోచెయ్యి పట్టాల్సిన మనిషే జడ వేయించుకోడానికి కూర్చుంది. బుజ్జిని పిలిస్తే, అది వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని ఊగడం మొదలెట్టింది.

"సగమయ్యిందమ్మా. ఇయ్యాలకి సాలా?" అంది అమ్మ ఆయాసపడుతూ.

చాలన్నాను. మెడ దగ్గర ఆగిపోయిన ఆ సగం జడకే రిబ్బను కట్టుకుని, మిగతా జుట్టు వదిలేసి బడికి పోయాను. టీచరు కోప్పడి బయట నిలబెట్టారు. విప్పలేదు. సాయంత్రం దీదీ పిలిచినా వెళ్ళలేదు. దాంతోనే పడుకున్నాను.

తర్వాత మళ్ళీ మోచెయ్యి దగ్గరే నా డ్యూటీ. ఆ ఏడు వానలు తగ్గకముందే అమ్మ పోయింది.

నాన్న ఎవరినో అడిగి కెమెరా తెచ్చి తీసిన ఫోటో ఒకటి ఉంది. అందులో అమ్మ ఉంది, బుజ్జి ఉంది, జడ ఉంది. నావి చేతులు మాత్రమే పడ్డాయి. ఎవరు చూసినా "బుజ్జి ఎంత ముద్దుగా ఉందో" అనేవారు. ఇన్నేళ్ళూ ఆ ఫోటో చూసినప్పుడల్లా బుజ్జి మీద కుళ్ళుకుంటూనే ఉన్నాను.

మొన్న ఆదివారం బుజ్జి డాలీగంజ్ నుంచి వచ్చింది. ఫోటో చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది.

"సచ్ బోలూఁ అక్కా... నాకేటీ గుర్తులేదు. దువ్వెనా గుర్తులేదు, నూనె వాసనా గుర్తులేదు. అమ్మంతా నీ కాడే ఉండిపోయింది. నిన్ను సూస్తే జలన్ అవుతాది నాకు."

నేను దాన్ని చూసి కుళ్ళుకుంటుంటే, అది నన్ను చూసి కుళ్ళుకుంటోందట...

అమ్మా నేనూ కలిసి అంత కష్టపడి దాని తలలో దాచిపెట్టింది దానికి చేరనే లేదు. ఆ మోచేతి బరువు మాత్రం నా అరచేతుల్లో ఇప్పటికీ ఉంది.

బుజ్జిని మెట్టు మీద కూర్చోబెట్టి, క్లిప్పు తీసేసి, కొబ్బరినూనె రాసి జడ వేశాను. చివరిదాకా వేశాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అయినా నిజం చెప్పాలంటే నా కుళ్ళు పోలేదండీ... దానికి గుర్తులేని అన్ని జడల్లో ఒక్కటి నాకు పూర్తిగా వేసి ఉంటే ఏం పోయేది అనిపిస్తూనే ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్ చూసుకుంటూ తన జడ తనే వేసేసుకుంటోంది. మోచెయ్యి పట్టుకునే పని ఎవరికీ లేదు...

మీ ఇంట్లో అమ్మ చేతి జడ ఎవరికి ఎక్కువ దక్కింది? సగం జడ దక్కినవాళ్ళుంటే ముందు మీరు రాయండి.