అండమాన్‌లో నర్సీపట్నం గోడ

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం అనుకోకండి, ఐదారేళ్ళ కిందటి మాటే) ఉద్యోగమంటే ఒక లాప్‌టాప్, ఒక చార్జరు, నాలుగు గీతల సిగ్నలు. ఆఫీసుకి రానక్కర్లేదు, ఇంటి దగ్గర్నుంచే పని చేసుకోండి అన్నారు. అలా అన్నదే తడవుగా నా వయసు వాళ్ళు సగం మంది కొండలెక్కేరు, మిగతా సగం సముద్రాల ఒడ్డుకి చేరేరు. ఫోన్ తెరిస్తే చాలు, కొబ్బరిచెట్టు కింద ఊయల, ఊయల్లో ఒక పిల్ల, పిల్ల ఒళ్ళో లాప్‌టాప్. ఆ వీడియోలు చూసి చూసి నాకూ ఓ బుద్ధి పుట్టింది. పుట్టకూడని మనిషికి పుట్టింది, అదీ చిక్కు. ఎందుకంటే నేను పుట్టు పిరికిదాన్ని. బల్లంటే భయం, కుక్కర్ విజిలంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం. వీటన్నిటికీ పైన మా పెద్దక్కంటే భయం.

అక్క నాకన్నా పధ్నాలుగేళ్ళు పెద్ద. నర్సీపట్నంలో హైస్కూలు లెక్కల టీచరు. మా పల్లెలో ఐదో తరగతితో బడి అయిపోతుంది గనక, అమ్మానాన్నల్ని జీడితోట చూసుకోమని చెప్పి నన్ను తన దగ్గరికి తెచ్చేసుకుంది. జడలేసి, అన్నం పెట్టి, ఎక్కాలు అప్పజెప్పించుకుని ఇంజినీరింగు దాకా చదివించింది. ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదు. కళ్ళజోడు ముక్కు చివరికి దించి నా వైపు చూసేది, అంతే. చెయ్యని తప్పు కూడా ఒప్పేసుకోవాలనిపించేది. బావగారు రెవెన్యూ ఆఫీసులో గుమస్తా. ఆయన కూడా ఆ చూపు కిందే కాపురం చేస్తున్నారు కాబట్టి మా ఇద్దరికీ మంచి స్నేహం.

అటువంటి అక్కకి నేను అబద్ధం చెప్పేను. ఆఫీసుకి రమ్మన్నారు, హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్ళిపోతున్నానన్నాను. ఆఫీసుకేమో నర్సీపట్నంలో ఇంట్లోనే ఉన్నానని చెప్పేను. మా కంపెనీలో కస్టమర్ల వివరాలు మా చేతుల్లో ఉండేవి గనక, ఏ ఇంటి అడ్రసు రాసిచ్చేమో ఆ ఇంట్లోనే కూర్చుని పని చెయ్యాలని రూలు. అడ్రసు దాటితే ఉద్యోగం ఊడుతుందని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. ఇలా ఇంటికి హైదరాబాద్‌లో, ఆఫీసుకి నర్సీపట్నంలో ఉన్న నేను అండమాన్‌లో ఒక బుల్లి దీవి మీద పడవ దిగేను. దిగుతూనే ఒడ్డున బోర్డు కనిపించింది: 'మొసళ్ళు తిరుగుతాయి, నీటిలో దిగరాదు'. ఆ బోర్డు చూసేక ఇంక నెల రోజులూ నేను నీళ్ళకి పాతికడుగుల దూరంలోంచే సముద్రాన్ని ఆనందించేను. (మా నర్సీపట్నం వైపు ఎస్. రాయవరం దాటితే వచ్చే సముద్రం ఇదే సముద్రం. అక్కడ మొసళ్ళు కూడా ఉండవు. ఈ మాట అప్పుడు నాకెవరూ చెప్పలేదు.)

బయల్దేరే ముందు నేనొక తెలివైన పని చేసేనని అనుకున్నాను. అక్క ఇంటి ముందుగది గోడని ఫోటో తీసుకున్నాను. గాజు బీరువా, అందులో ఏటికొప్పాక బొమ్మలు, పైన గోడ గడియారం. మీటింగుల్లో నా వెనకాల ఆ ఫోటో పెట్టుకుంటే నేను నర్సీపట్నంలో ఉన్నట్టే. ఇప్పటి కంపెనీలైతే పది నిమిషాల్లో పట్టేస్తాయి గానీ అప్పట్లో ఇదే మహా మాయ. వారం తిరక్కుండానే మేనేజరు గారు (పెద్దమనిషి, మాట మెత్తన, కన్ను చురుకు) అన్నారు, "ఏమ్మా, మీ ఇంట్లో గడియారం ఆగిపోయినట్టుందే? ఎప్పుడు చూసినా పదింబావే." వెనక్కి తిరిగి చూడబోయి ఆగేను. "బ్యాటరీ అయిపోయిందండీ." "వేయించెయ్యమ్మా, ఇంట్లో ఆగిన గడియారం ఉండకూడదు." అప్పట్నుంచి ప్రతి సోమవారం ఆయన బ్యాటరీ సంగతి అడగడం, నేను బజారుకెళ్ళడం కుదర్లేదనడం.

గడియారం ఒక్కటేనా! ఆ దీవిలో మనకన్నా ముందే పొద్దుగూకుతుంది. సాయంత్రం ఐదుంబావుకి మీటింగులో అందరి కిటికీల్లోనూ వెలుతురుంటే నా మొహం మీద మాత్రం చీకటి. "అక్కడప్పుడే చీకటి పడిందేం?" "మబ్బేసిందండీ." అలల హోరు వినిపిస్తే పక్కింట్లో పిండిమర అన్నాను. రేకుల కప్పు మీద వాన దడదడలాడితే పిండిమర మరమ్మతు అన్నాను. రోజూ పని తక్కువ, వణుకు ఎక్కువ. వీడియోలో పిల్లలు ఊయల్లో ఊగుతూ ఎలా పని చేసేవారో నాకిప్పటికీ అర్థం కాదు. నేను గోడకి వీపు ఆనించి, తలుపు గడియ పెట్టుకుని, చెవులు రిక్కించి పని చేసేదాన్ని.

గది అద్దెకిచ్చినావిడ తెలుగావిడ కావడం నా ఖర్మ. మన ఉత్తరాంధ్ర వాళ్ళు అక్కడ వీధికి నలుగురుంటారని నాకేం తెలుసు! ఆవిణ్ణి దీవి పిన్ని అనుకుందాం. పెళ్ళయ్యి ఆ దీవికొచ్చి ముప్పై ఏళ్ళట. మొదటి రోజే టీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏ ఊరమ్మా మనది?"

"వైజాగండీ," అన్నాను జాగ్రత్తగా.

"వైజాగంటే ఊల్లోనేనా, పక్కనా?"

"పక్కనే. అనకాపల్లి వైపు."

"అనకాపల్లి దాటేకా, దాటకముందా?"

టీ చల్లారేలోపు నర్సీపట్నం బయటికొచ్చేసింది. "ఓలమ్మ! నర్సీపట్నమేటి! మాది ఎస్. రాయవరం పక్కనేనమ్మా. ఎవరి తాలూకా మీరు?" అంది. మా వైపు ఎవరి తాలూకా అంటే ఎవరి మనుషులు, ఎవరి పిల్లవి అని. ఇదొక్కటే మా వాళ్ళ బలహీనత. మేనేజరుకి అబద్ధం చెప్పగలం, పోలీసుకి చెప్పగలం, కానీ పెద్దావిడెవరైనా పీట వేసుకుని 'ఎవరి తాలూకా' అనడిగితే నోరు దానంతటదే నిజం చెప్పేస్తుంది. అక్క బడి పేరు, బావగారి ఆఫీసు, వీధి, మలుపు అన్నీ చెప్పేసి, ఆఖర్న నాలిక్కరుచుకుని, "పిన్నీ, నేనిక్కడున్నట్టు ఎవరికీ చెప్పకండేం," అని చేతులు పట్టుకున్నాను. "నానెవరికి సెప్తానమ్మా!" అంది ఆవిడ, నా మీద నొచ్చుకుంటూ.

నాలుగో వారం శుక్రవారం మీటింగు అయ్యేక మేనేజరు గారు నన్ను ఉండమన్నారు. "ఎల్లుండి ఆదివారం ఇంటావిడతో లంబసింగి చలి చూడ్డానికి వెళ్తున్నామమ్మా. దారి మీ నర్సీపట్నం మీంచే కదా. అడ్రసు మన రికార్డులో ఉంది, నువ్వేం హడావుడి పడకు. మీ ఇంట్లో కాఫీ తాగి కొండెక్కుతాం." నేను నవ్వేనట. "తప్పకుండా రండి సార్" అని కూడా అన్నానట. నాకేమీ గుర్తులేదు. లాప్‌టాప్ మూసి పడవల టైములు వెతకడం మాత్రం గుర్తుంది.

తిరిగి వచ్చేద్దామంటే సముద్రం బాగాలేదని పడవలు ఆపేసేరు. మిగిలింది ఒకటే దారి, అక్కకి ఫోన్ చేసి నిజం చెప్పడం. శనివారం పొద్దున్న చేసేను. మొదటిసారి అక్క గొంతు వినగానే పెట్టేసేను. రెండోసారీ అంతే. మూడోసారి అక్కే అంది, "ఏటే, ఊరికే చేసి పెట్టేస్తన్నావు? ఏటైంది?"

"ఏం లేదక్కా. తిన్నావా?"

"తిన్నాను. నువ్వు చెప్పాల్సిందేటైనా ఉందా?"

"లేదక్కా."

"సరే అయితే," అని పెట్టేసింది. దీవి పిన్ని గుమ్మంలో నిలబడి, "సెప్పియ్యమ్మా, కడుపులో ఎట్టుకుంటే అరగదు," అంది. మధ్యాన్నం ధైర్యం చేసి మళ్ళీ ఫోన్ తీసేసరికి గాలివానకి సిగ్నలు పోయింది. ఒక్క గీత లేదు.

ఆదివారం పొద్దున్న నేను పడ్డ భయం ఇంకెప్పుడూ పడలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. దానికన్నా పెద్దది, మేనేజరు గారు గుమ్మంలో నిలబడి మీ చెల్లెలేదండీ అంటే, హైదరాబాద్‌లో మీ దగ్గరే ఉంది కదండీ అని అక్క అంటుంది. ఇద్దరూ మొహమొహాలు చూసుకుంటారు. నా ఫోను కలవదు. పిల్ల ఏమైపోయిందని అక్క అక్కడే కూలిపోతే? ఆ బొమ్మ కళ్ళముందు కనిపించేసరికి, ఉద్యోగం పోతే పోనీ గానీ సిగ్నలొస్తే చాలు దేవుడా అని, ఫోను ఎత్తి పట్టుకుని వానలో ఒడ్డంతా తిరిగేను. మొసళ్ళ బోర్డు దాటిపోయేనని కూడా చూసుకోలేదు.

పన్నెండింటికి సిగ్నలొచ్చి ఫోను గణగణలాడింది. మేనేజరు గారు పంపిన ఫోటో. అక్క ముందుగదిలో సోఫా మీద ఆయనా, వాళ్ళావిడా, చేతుల్లో గారెల ప్లేట్లు. పక్కన బావగారు, నిలువెల్లా చెమట. కింద రాసున్నారు: 'నువ్వు తలుపులమ్మ లోవ వెళ్ళావని అక్కయ్యగారు చెప్పారు. మంచి ఆతిథ్యం. రేపు మాట్లాడదాం.'

లోవ అమ్మవారి గుడికి నేనెప్పుడెళ్ళేను? ఆ ముక్క ఎవరు చెప్పేరూ? అక్కా! అబద్ధమాడిన పిల్లాణ్ణి క్లాసంతా నిలబెట్టే మా అక్కా! వెంటనే అక్కకి ఫోన్ చేసేను.

"నువ్వెక్కడున్నావో నాకు పద్దెనిమిది రోజుల్నుంచి తెలుసే," అంది అక్క. దీవి పిన్ని నిజంగానే ఎవరికీ చెప్పలేదు, ఎస్. రాయవరంలో ఉన్న వాళ్ళక్కకి తప్ప. ఆ అక్కగారి కోడలు మా అక్క బళ్ళోనే తెలుగు టీచరు. "నీకు గదిచ్చినావిడ రోజూ ఫోన్ చేసి నువ్వు తిన్నావో లేదో చెప్తోంది. నేను రోజూ ఫోన్లో వాతావరణం తెరిచి మీ దీవి మీద మబ్బు చూసుకుంటన్నాను. నిన్నట్నుంచి ఆవిడ ఫోనూ కలవలేదు, నీ ఫోనూ కలవలేదు. మీ సారుకి గారెలు వడ్డిస్తూనే గుమ్మం వైపు చూస్తన్నాను, ఎవరేం కబురు తెస్తారో అని."

"తెలిసీ ఎందుకూరుకున్నావక్కా?"

"నువ్వే చెప్తావని. మూడుసార్లు ఫోన్ చేసి, తిన్నావా అనడిగేవు. అప్పుడైనా చెప్తావనుకున్నాను. నేనంటే అంత భయమేటే నీకు? సముద్రం మధ్యలో ఒక్కద్దానివీ ఉండిపోడానికి లేని భయం, నాతో ఒక్క మాట చెప్పడానికి వచ్చిందా?"

భోరుమని ఏడ్చేను. తిడితే బాగుండును, తిట్టలేదు. ఆరోజు జరిగింది తర్వాత బావగారు ఎన్నిసార్లు చెప్పేరో లెక్కలేదు. మేనేజరు గారు వస్తూ వస్తూ గడియారానికి కొత్త బ్యాటరీలు తెచ్చేరట. తలెత్తి చూస్తే గోడ మీద గడియారం టిక్కుటిక్కుమని చక్కగా నడుస్తోందిట. "అది అప్పుడప్పుడు ఆగుతుందండీ," అందిట అక్క, చూపు తిప్పకుండా. బావగారి చేతిలో కాఫీ కప్పు సాసర్‌లో దరువేసిందిట.

సోమవారం మేనేజరు గారికి నేనే నిజం చెప్పేను. అక్క ఆర్డరు అది. ఆయన, "నడుస్తున్న గడియారం చూసినప్పుడే అనుమానమొచ్చిందమ్మా. నువ్వు చెప్తావో లేదో చూద్దామని ఊరుకున్నాను," అన్నారు. ఉద్యోగం ఉంచేరు. గట్టిగా రాసిన ఉత్తరం ఒకటిచ్చి, ఇంటి నుంచి పని మానేసి రోజూ ఆఫీసుకి రమ్మన్నారు. హైదరాబాద్ వెళ్ళేముందు నర్సీపట్నంలో దిగితే అక్క నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. "ముందు లోవ వెళ్ళి రా. నా నోట్లోంచి అబద్ధం వచ్చింది, దాన్ని నిజం చెయ్యాలి," అని తెల్లారి మొదటి బస్సెక్కించింది.

పోయిన ఏడాది సెలవు పెట్టి, అడ్రసు రాసిచ్చి, అక్కనీ బావగారినీ అదే దీవికి తీసుకెళ్ళేను. స్నానాలకి మొసళ్ళ భయం లేదన్న ఒడ్డు వేరే ఉంది, పిన్ని చూపించింది. అక్క చీర కుచ్చెళ్ళు పట్టుకుని చీలమండ లోతు నీళ్ళలోకి దిగింది. అల వచ్చి కాలికింద ఇసక లాగేసరికి నా భుజం గట్టిగా పట్టేసుకుంది. "వద్దే, నాకు భయమేస్తంది," అంది. నాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. ఆ పద్దెనిమిది రోజులూ ఎన్నిసార్లు తనలో తను అనుకుందో. దగ్గరికి తీసుకుని ఏదైనా మంచి మాట చెప్దామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే నాలోంచి లెక్కల టీచరు గొంతు వచ్చింది: "ఏటక్కా, నేను పక్కనుంటే భయమేటి? అలా బిగుసుకుపోకు, బేగి ఇంకో అడుగెయ్యి." వెనక నుంచి బావగారు నవ్వేరు. చూసుకుంటే నా కళ్ళజోడు ముక్కు చివర ఉంది.