లెక్కలో లేని బండి

నీళ్ల పరీక్షల ల్యాబులో అతన్ని అందరూ దశాంశం అనే పిలుస్తారు. ఊరు తాగే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో, మట్టి ఎంతుందో రోజూ తేల్చి చెప్పడం అతని ఉద్యోగం. ఆ అలవాటు అతని వెంట ఇంటికి కూడా వచ్చేసింది. టైమెంత అని అడిగితే సెకన్లతో సహా చెబుతాడు. కూతురు పుట్టిన కొత్తలో దానికి రోజుకెన్ని తుమ్ములొస్తున్నాయో గ్రాఫు గీసి పిల్లల డాక్టరుకు చూపించాడు. ఆవిడ ఆ కాగితాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, పాప బాగానే ఉంది, ముందు మీరు నిద్రపోండి అని చెప్పి పంపించింది.

ఇప్పుడు పాపకు పద్నాలుగు నెలలు. మారథాన్‌కు ఐదు వారాలుంది. నలభై రెండు పాయింటు ఒకటి తొమ్మిది ఐదు కిలోమీటర్లు. అసలు ఆ పరుగులో అతనికి బాగా నచ్చింది ఆ చివరి మూడంకెలే.

నిరుడు కూడా మారథాన్‌కు పేరిచ్చాడు. ప్రాక్టీసు మధ్యలో ఒక చిన్న పరుగు పందెం వస్తే, సరదాకేనని చెప్పి వెళ్లాడు. వీధి చివర కళ్లజోళ్ల షాపాయన పక్కనుంచి దాటిపోయేసరికి ఒళ్లు మరిచిపోయి, దిగుడు రోడ్డులో ఆయన వెంట పడ్డాడు. పిక్క కండరం తెగినంత పనైంది. అప్పటికి భార్య కాన్పై రెండు నెలలు. ఆమె ఒక చంకలో పిల్లనూ, ఇంకో చంక కింద మొగుణ్ణీ పెట్టుకుని రెండంతస్తుల మెట్లెక్కింది. మందుల షాపులో పనిచేసే మనిషి గనక కట్టు మాత్రం చక్కగా కట్టింది. మూడు వారాలు మంచం, ఆ ఏటికి మారథాన్ మాట లేదు.

ఈసారి కొండమీదికి పందెమని వీధిలో కాగితాలు అంటించారు. ఎక్కడం మూడు కిలోమీటర్లు, దిగడం మూడు. కొండమీద ఉన్నది అతని నీళ్ల ట్యాంకు. నెలనెలా జీపులో వెళ్లి సీసాలు నింపుకొచ్చేది అక్కడినుంచే. ఊరంతా తన ట్యాంకు దగ్గరికి పరిగెత్తుతుంటే తను ఇంట్లో కూర్చోవడానికి మనసొప్పలేదు. ఫ్రిజ్ తలుపుకు అంటించిన ప్రాక్టీసు చార్టు ముందు నిలబడి మెల్లగా విషయం కదిపాడు.

భార్య పాప నోరు తుడుస్తూ వింది. అరవలేదు.

"వెళ్లు. కానీ మళ్లీ కుంటుతూ ఈ గడప తొక్కావో, మారథాన్ అన్న మాట ఈ ఇంట్లో వినబడకూడదు. ఈ ఏడు కాదు, ఎప్పటికీ."

అతను అక్కకు ఫోన్ చేశాడు. అక్క బడిలో ఆటల టీచరు, చార్టు రాసిచ్చింది ఆవిడే. శనివారం పందెం ఉంటే మంగళవారం వేగం పరుగులు చార్టులోంచి కొట్టెయ్యమంది. గురు, శుక్రవారాలు పూర్తి విశ్రాంతి. ఆదివారం ఇరవై ఎనిమిది కిలోమీటర్ల బదులు ఇరవై, అదీ కబుర్లు చెప్పుకునేంత నెమ్మదిగా. మంగళవారంలో సగమైనా ఉంచుకుంటానని అతను బేరం పెట్టాడు.

"ఒరేయ్, పందెం అనేది ఒకదాని బదులురా, పైన కొసరు కాదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి అక్కా మునిగానంటే నేను రాను."

అప్పుడతను అసలు భయం బయటపెట్టాడు. చార్టులో అన్నీ చదును పరుగులే ఉన్నాయి, ఎత్తు ఎక్కే ప్రాక్టీసు సున్నా. అయితే మెల్లగా ఎక్కు, అంతకన్నా మెల్లగా దిగు, ఎవరి వెంటా పడకు అని అక్క ఫోన్ పెట్టేసింది.

చార్టు కొత్తగా రాసుకున్నాడు. గురువారం గడిలో విశ్రాంతి అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాడు. కానీ ఆ గీతలు పాపకు తెలియవు.

పాప తోపుడు బండిలో తప్ప నిద్రపోదు. బండి నడిస్తే చాలదు, పరిగెత్తాలి. ఎంత వేగానికి కళ్లు మూస్తుందో అతను మొదటివారమే కొలిచాడు: గంటకు ఏడు పాయింటు రెండు కిలోమీటర్లు. ఏడుకు తగ్గితే ఒక కన్ను తెరుస్తుంది. ఇంటి ముందు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి కాబట్టి వెనక రోడ్డులో తిప్పుతాడు. అది నున్నగా ఉంటుంది, కాకపోతే గోడకు నిచ్చెన వేసినట్టుంటుంది. వాచీ కీక్‌మన్నప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడుతోందని దాన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్తాడు. ఆఫీసునుంచి రాగానే రోజూ ఇదే పని.

గురువారం భార్య, నువ్వు కూర్చో అని తనే బండి తీసుకెళ్లింది. ముప్పావుగంట నడిపింది. పాప బండిలో నిటారుగా కూర్చుని, ఊరేగింపులో ఉన్నట్టు వచ్చేపోయేవాళ్లందరికీ చెయ్యూపింది. చివరికి అతనే లేచి చెప్పులు విడిచి బూట్లు వేసుకున్నాడు. శుక్రవారమూ అంతే.

శనివారం పొద్దున కళ్లజోళ్లాయన కొత్త బూట్లతో వచ్చాడు. "ఏం దశాంశం గారూ, ఈసారి అంబులెన్సుకు ముందే చెప్పి ఉంచారా?" అని పలకరించాడు. అతను నవ్వేశాడు, లోపల మాత్రం చురుక్కుమంది.

పరుగు మొదలైంది. ఎక్కుడు రాగానే జనం ఒక్కొక్కరే నడుములు పట్టుకున్నారు. అతను అక్క చెప్పినట్టు మెల్లగానే వెళ్తున్నాడు, అయినా మనుషులు వెనక్కి పోతున్నారు. ఏదో పొరపాటు జరుగుతోందని వాచీ చూసుకున్నాడు. వాచీ కూడా మెల్లగానే అంది. కళ్లజోళ్లాయన రొప్పుతూ, తన పక్కనుంచి పోతున్న దశాంశాన్ని వింతగా చూశాడు. కారణముంది. అతని రెండు చేతులూ నడుమెత్తున ముందుకు చాచి, లేని కడ్డీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మలుపు దగ్గర పాపతో నిలబడ్డ భార్యకు ముందు ఆ చేతులే కనబడ్డాయి. నవ్వు ఆపుకోలేక బండి మీద వాలిపోయింది.

ట్యాంకు చుట్టూ తిరిగి దిగుడు మొదలైంది. వంద అడుగులు పోయాడో లేదో, కళ్లజోళ్లాయన బండరాయి దొర్లినట్టు పక్కనుంచి దూసుకుపోయాడు. పోతూపోతూ వెనక్కి తిరిగి కన్ను గీటాడు కూడా.

అతని రక్తం ఒక్కసారి ఉడికింది. పోదామనే అనుకున్నాడు. కానీ కాళ్లు మాట వినలేదు. దిగుడు వచ్చిందంటే వెనక్కి వాలి, చిన్న అడుగులు వేస్తూ బండిని ఆపుకోవడమే వాటికి తెలుసు. ముందు పిల్ల ఉన్నట్టే అతను మూడు కిలోమీటర్లూ ఒళ్లు దగ్గర పెట్టుకుని దిగాడు. ఇద్దరు బడిపిల్లలు, ఒక తాతగారు కూడా దాటిపోయారు. తాతగారైతే బాబూ, నీ బండి ఎవరో ఎత్తుకుపోయినట్టున్నారే అని జాలిపడ్డాడు.

ఇంటికొచ్చాక భార్య ముందు తను మెట్లెక్కి, గడపలో నిలబడి అతన్ని రమ్మంది. అతను ఎక్కాడు. మళ్లీ దిగి ఎక్కమంది. ఎక్కాడు. వంగి రెండు పిక్కలూ నొక్కి చూసింది. నొప్పి లేదు. ఆమె ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి చార్టు పైనుంచి కిందిదాకా చదివింది.

"ఇందులో మన బండేదీ?"

"వాచీ పెట్టుకోను కదా. అయినా అది ప్రాక్టీసు కాదు, పిల్లని నిద్రపుచ్చడం."

ఆమె వదినకు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. అటువైపు అక్క ఒక్కొక్కటే అడిగి లెక్క కట్టింది. రోజుకు నాలుగు కిలోమీటర్లు, బండీ పిల్లా కలిపి ఇరవై రెండు కిలోలు, ఆ నిచ్చెన రోడ్డు మీద, వారానికి ఏడు రోజులు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాట్ట నీలాంటివాడే ఎవడో. ఒరేయ్, ఏడాదినుంచి నీకు ఒక్క రోజు కూడా విశ్రాంతి లేదురా. ఇలాగైతే మారథాన్ దాకా కాళ్లు మిగలవు. వారానికి మూడు రోజులు ఆ బండి ముట్టుకోకు."

అతను పాప వంక చూశాడు. పాప తలుపు వంక చూస్తోంది. మరి ఎవరు తోస్తారు అనబోయాడు. భార్య అప్పటికే చెప్పుల అర వెనకాల ఎక్కడో పడున్న తన పాత బూట్లు లాగి దుమ్ము దులుపుతోంది.

ఆ సాయంత్రం అతను కిటికీ దగ్గర కూర్చుని సెకన్లు లెక్కపెట్టుకున్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి జుట్టు రేగిపోయింది, మాట రావడం లేదు. బండిలో పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆమె గోడకు ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని, ఫోన్లో తన వేగం ఎంతో చూసుకుని, మొగుడి చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"ఏడు పాయింటు నాలుగు," అని మెల్లగా చెప్పి, ఆ అంకెను తనే చార్టులో ఎక్కించింది.